మెడ తిరగని సిపాయి

"తప్పు చెప్పేవాడు మర్యాదగా చెప్పకపోతే ఆ మాట నేనెందుకు వినాలండీ?" అని హైమవతి అడిగింది. అడిగిన తీరు చూస్తే జవాబు ఆమె దగ్గరే సిద్ధంగా ఉన్నట్టుంది. గురువుగారు ఔనంటే చాలు.

హైమవతి విశాఖపట్నంలో డ్రాయింగు టీచరు. సెలవు రోజుల్లో సోమలింగాచారి గారి దగ్గరికి వచ్చి, పాతకాలపు సైనికుల బొమ్మలు చెయ్యడం నేర్చుకుంటోంది. చూపుడువేలంత ఎత్తున మైనంతో మనిషిని చేసి, ఆ మైనాన్ని ఇత్తడిగా మార్చే పని. ముందురోజు టౌన్‌హాల్లో ప్రదర్శన జరిగింది. రెడ్డిరాజుల కాలం నాటి బల్లెం సిపాయిల వరస ఒకటి ఆమె అక్కడ పెట్టింది. ఎవరో పెద్దమనిషి వచ్చి, వంగి చూసి, పదిమందీ వినేలా "బొమ్మల కొలువులో పెట్టుకోవచ్చు, బాగుంటాయి" అని నవ్వి వెళ్ళిపోయాడట. ఆ నవ్వుని ఆమె రెండుసార్లు నవ్వి చూపించింది. తనకి విమర్శ అంటే భయం లేదనీ, లోపం చెప్పమని తానే అందరినీ అడుగుతుందనీ, కానీ దానికొక పద్ధతి ఉంటుందనీ అన్నది. అవమానించాలని అన్న మాటలో నేర్చుకోవలసింది ఏమీ ఉండదని తేల్చేసింది.

గురువుగారికి వాదించే అలవాటు లేదు. ఎవరేమడిగినా, చేతిలో పని ఆపకుండా, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి మొదలుపెట్టేవారు. అడిగినదానికి అది జవాబో కాదో విన్నవాళ్ళే తేల్చుకోవాలి. ఆ రోజు ఆయన సన్యాసాచారి సంగతి చెప్పారు.

సన్యాసాచారి కార్ఖానా విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో ఉండేది. మైనం పట్టుకుంటే అంతటి పనివాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. తుమ్మముల్లు కొసతో సిపాయి చొక్కాకి బొత్తాలు పెట్టేవాడు, ఆ బొత్తాలకి కన్నాలు కూడా పెట్టేవాడు. తనంతటివాడు లేడని ఆయనకీ తెలుసు. ఎవరైనా ఆ మాట మరిచిపోయినట్టు కనిపిస్తే ఆయనకి ఒళ్ళు మండేది. సోమలింగాచారి గారు అప్పటికి పాతికేళ్ళవాడు, ఆ కార్ఖానాలో పోత పని చేసేవారు. మైనం బొమ్మ చుట్టూ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పొయ్యడం ఈయన వంతు. పోత పోశాక ఇక దిద్దుకోవడం ఉండదు. మైనంలో ఏ తప్పుంటే ఆ తప్పు ఇత్తడిలో నిలిచిపోతుంది.

బర్మా యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఆ రోజుల్లో ఊళ్ళో ఒక సంఘం పెట్టుకుని చిన్న హాలు కట్టుకున్నారు. ఆ హాల్లో, అద్దాల పెట్టెలో, తమ యుద్ధాన్ని బొమ్మలుగా నిలుపుకోవాలని వాళ్ళ కోరిక. వాళ్ళలో చాలామంది వంతెనలు కట్టే దళంలో పనిచేసినవాళ్ళు. ఒక వాగు దాటుతూ ఎనిమిది మంది సిపాయిలు వంతెన కోసం ఇనప దూలాన్ని భుజాల మీద మోసుకుపోతుంటారు. అవతలి గట్టు మీంచి తుపాకులు పేలుతుంటాయి. చివరి సిపాయి గుండు తగిలి నీళ్ళలో పడిపోతాడు. వాళ్ళు ఎంచుకున్న ఘట్టం అది. సంఘానికి అధ్యక్షుడు జగన్నాథ పంతులుగారు, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన యుద్ధానికి వెళ్ళినవాడు కాదు, చదువుకున్నవాడని సైనికులే పెట్టుకున్నారు. ఘట్టాన్ని సన్యాసాచారికి వర్ణించి చెప్పిందీ ఆయనే.

సన్యాసాచారి ఆ వేసవంతా కూర్చుని మైనంలో ఎనిమిది మందినీ చేశాడు. ఏడుగురు ఛాతీలు విరుచుకుని, అవతలి గట్టు వైపు చూస్తూ నడుస్తున్నారు. ఎనిమిదోవాడు చేతులు చాచి వెనక్కి ఒరిగిపోతున్నాడు. అతని ముందున్న ఏడోవాడు మాత్రం ఒక చేత్తో దూలం పట్టుకుని, వెనక్కి తిరిగి, రెండో చెయ్యి పడిపోయేవాడికి అందిస్తున్నాడు. ఆ చాచిన చేతి వేళ్ళకీ, పడిపోయేవాడి వేళ్ళకీ మధ్య బియ్యపు గింజంత దూరం. చూడవచ్చిన వాళ్ళందరి కళ్ళూ అక్కడే ఆగేవి. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. పంతులుగారు, ఈ ఒక్క చెయ్యి చాలు, పిల్లలకి వేరే నీతిపాఠం అక్కర్లేదు అని అందరికీ చెప్పుకున్నారు.

పోతకి మట్టి కలుపుతున్న రోజున సుబేదారు అసిరినాయుడు వచ్చాడు. అతను కొత్తవలస అవతల ఒక పల్లెలో ఉండేవాడు. నోటి దురుసువల్ల సంఘంలో అతన్ని ఎవరూ పిలిచేవారు కాదు. ఆ ఎనిమిది మందిలో అతనూ ఒకడని అందరికీ తెలుసు. ఎన్నోవాడని ఎవరూ అడగలేదు. పిలవకుండానే వచ్చి, చెప్పులు విప్పకుండా లోపలికి నడిచి, బల్ల మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. సన్యాసాచారి చేతులు కట్టుకుని, రావలసిన మెప్పు కోసం నిలబడి ఉన్నాడు.

"ఇదేటి, ఊరేగింపా?" అన్నాడు సుబేదారు.

సన్యాసాచారికి మొదట అర్థం కాలేదు. సుబేదారు వేలితో ఏడో సిపాయిని చూపించి, ఈడు అబద్ధం అన్నాడు. ఎందుకు అబద్ధమో, ఎలా ఉండాలో చెప్పలేదు. గొంతు పెంచుకుంటూ పోయాడు. ఇవి సిపాయిలు కావన్నాడు, పెళ్ళికొడుకులన్నాడు. డబ్బా కొట్టుకునే కంసాలి చేతికి యుద్ధం ఇస్తే ఇలాగే ఉంటుందన్నాడు. సన్యాసాచారి తండ్రిని కూడా వదల్లేదు. చివరికి "నీ బతుకులో ఎప్పుడన్నా ఏటన్నా మోసేవా నువ్వు?" అని, ఏడో సిపాయిని దూలం కింది నుంచి లాగి గుప్పిట్లో నలిపేశాడు. మైనం వేళ్ళ సందుల్లోంచి బయటికొచ్చింది. దాన్ని బల్ల మీద విదిలించి వెళ్ళిపోయాడు.

సన్యాసాచారి అతని మీదికి ఉరకబోతే సోమలింగాచారి గారు నడుం పట్టుకుని ఆపవలసి వచ్చింది. ఆ పూట సన్యాసాచారి అన్నం ముట్టుకోలేదు. నలిగిన మైనం ముద్దని చూసినప్పుడల్లా పళ్ళు కొరికేవాడు. సంగతి తెలిసి పంతులుగారు పరుగెత్తుకొచ్చి ఎంతో నచ్చజెప్పారు. ఆ మనిషికి యుద్ధం నుంచి వచ్చాక మతి సరిగా లేదనీ, అతని మాట లెక్కచెయ్యనక్కర్లేదనీ, ఆ ఒక్క బొమ్మనీ మళ్ళీ అలాగే చేసి పోత పొయ్యమనీ బతిమాలారు. ఊరంతా మెచ్చిన పని అది. సన్యాసాచారికి మళ్ళీ చెయ్యడానికి ఒక్క పూట చాలు.

ఆయన ముల్లు పట్టుకుని కూర్చున్నాడు గాని చెయ్యి సాగలేదు. అసిరినాయుడు అబద్ధం చెప్పాడని రుజువు చెయ్యకుండా ఆ బొమ్మ చేస్తే, చేసినంతసేపూ అతను పక్కన నిలబడి నవ్వుతున్నట్టే ఉంటుందన్నాడు. నేను మోయలేదా, నేను మోసి చూపిస్తాను, వాడి నోరు మూయిస్తాను అని లేచాడు. కార్ఖానాలో ఉన్నవాళ్ళనీ, రైల్వే గూడ్సు షెడ్డు దగ్గరి హమాలీలనీ కూడగట్టి, మొత్తం ఎనిమిది మందిని నెల్లిమర్ల దగ్గర చంపావతి ఏటికి నడిపించాడు. అప్పుడే వానలు పడి ఏట్లో ఎర్రనీళ్ళు నడుంలోతు వస్తున్నాయి. గట్టున కొత్తగా నరికిన తాటిచెట్టు మొదలు ఒకటి పడి ఉంది. దాన్ని ఎత్తుకుని అవతలి ఒడ్డుకి పోవాలి. సన్యాసాచారి ఏడో స్థానంలో నిలబడ్డాడు. సోమలింగాచారి గారిది ఆరో స్థానం.

ఇదంతా గురువుగారికి ఒంటితో గుర్తుంది. దూలం భుజం మీదికి రాగానే ఛాతీ విరుచుకోవడం అన్నది మనిషి మరిచిపోతాడని ఆయన అన్నారు. మెడ ఒక పక్కకి ఒరిగి అక్కడే బిగుసుకుపోతుంది. నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. ఖాళీగా ఉన్న చెయ్యి గాల్లో ఉండదు, ముందువాడి మొలతాడు పట్టుకుంటుంది. అవతలి గట్టు కనిపించదు, కనిపించాలని కూడా అనిపించదు. ఆయనకి దారంతా కనిపించింది ముందువాడి నడుం చుట్టూ సుడి తిరిగే నీళ్ళు ఒక్కటే.

ఏటి నడిమధ్యకి వచ్చేసరికి చివరి హమాలీ కాలు గుంటలో పడింది. అతని కేక ఎవరికీ వినిపించలేదు. వాళ్ళకి తెలిసింది భుజాల ద్వారా. ఒక్కసారిగా బరువు పెరిగింది. ఏడో స్థానంలో ఉన్న సన్యాసాచారి మోకాళ్ళు ముందుకి మడతపడబోయాయి. ఆయన బొమ్మలో చేసినట్టే వెనక్కి తిరగాలని ప్రయత్నించాడు, ఒట్టేసి ఆ మాట తరవాత చెప్పాడు. మెడ తిరగలేదు. చెయ్యి రాలేదు. ఆగితే మిగతావాళ్ళు కూలిపోతారు గనక కాళ్ళు నడుస్తూనే ఉన్నాయి. ఒడ్డెక్కి దూలం కింద పడేశాక గాని ఎవరూ వెనక్కి చూడలేకపోయారు.

హమాలీ దిగువన ఎక్కడో తేలి, నీళ్ళు ఉమ్ముకుంటూ, నవ్వుకుంటూ నడిచొచ్చాడు. అందరూ నవ్వారు. సన్యాసాచారి నవ్వలేదు. భుజం తోలు లేచిపోయి రక్తం కారుతోంది. సుబేదారు కార్ఖానాలో అరిచిన రోజు కన్నా ఆయన మొహం ఆ క్షణంలో ఎక్కువ ఎర్రబడి ఉంది. అబద్ధమని తేల్చడానికి వచ్చిన మాట నిజమని తేలింది. అతన్ని తిట్టడానికి ఉన్న ఒక్క కారణమూ పోయింది, కోపం మాత్రం పోలేదు. ఇంటికి వచ్చి మిగిలిన ఏడు బొమ్మల్నీ మూకుట్లో వేసి తానే కరిగించేశాడు. చూడటానికి వచ్చిన పంతులుగారు మూకుడు చూసి తల పట్టుకుని కూర్చున్నారు.

మళ్ళీ చెయ్యడానికి సంక్రాంతి దాటిపోయింది. ఆ రోజుల్లో కార్ఖానాలోకి ఎవరినీ రానివ్వలేదు. పని చేస్తున్నంతసేపూ సుబేదారుని తిట్టుకుంటూనే చేశాడు. ఏ సిపాయి ఛాతీ కాస్త ఎత్తుగా వచ్చినా, ఇదుగో ఆ దుర్మార్గుడు మళ్ళీ ఊరేగింపంటాడు అని గొణుక్కుంటూ ముల్లుతో నొక్కేసేవాడు. ఒక్కొక్కడి నడుమూ, తొడలూ, నీళ్ళలో తడిసి అంటుకుపోయిన నిక్కరు మడతలూ, బురదలో పట్టు కోసం వెతుక్కునే పాదాల వేళ్ళూ చేశాడు. తన జన్మలో అంత పని ఎన్నడూ చెయ్యలేదని ఆయనే అన్నాడు. నీటిమట్టానికి గుర్తుగా వాళ్ళ చుట్టూ తొడల ఎత్తున దారం కట్టాడు. మునిగిపోయిన చివరివాడిది ఆ దారం పైన ఒక్క చెయ్యే కనిపిస్తుంది. ఏడోవాడు అతన్ని చూడటం లేదు. దూలం కింద మెడ ఒరిగిపోయి, కళ్ళు మూసుకుని, నోరు తెరుచుకుని ముందుకి నడుస్తున్నాడు.

అది పూర్తయ్యాక పంతులుగారికి చూపించలేదు. పలక మీద బొమ్మల్ని నిలబెట్టి, వెదురుబుట్టలో పెట్టి, తడిగుడ్డ కప్పి, సోమలింగాచారి గారి చేత మోయించుకుంటూ సుబేదారు పల్లెకి వెళ్ళాడు. దారిలో, వాడు ఇప్పుడు ఏమంటాడో చూద్దాం అని ఒక్క మాట తప్ప మాట్లాడలేదు. సుబేదారు వాకిట్లో మంచం నేస్తున్నాడు. కూర్చోమనలేదు. సన్యాసాచారే బుట్ట దించించి గుడ్డ తీశాడు.

సుబేదారు గొంతుక్కూర్చుని చూశాడు. మొహంలో రంగు మారింది. లేచి నిలబడ్డాడు. కార్ఖానాలో అన్నవాటికన్నా పచ్చి మాటలు మొదలుపెట్టాడు. సోమలింగాచారి గారు బుట్టకి అడ్డంగా నిలబడ్డారు, ఈసారి అన్నిటినీ నలిపేస్తాడని. కానీ అతను బొమ్మల జోలికి రాలేదు. సన్యాసాచారి మొహంలో మొహం పెట్టి అడిగాడు.

"ఈడు ఎనక్కి తిరగలేదని నీకెవడు సెప్పేడు?"

ఆ ఏడోవాడు ఎవరో అప్పుడు తెలిసింది.

"ఎవడూ చెప్పలేదు. దూలం భుజం మీదుంటే మెడ తిరగదు," అన్నాడు సన్యాసాచారి.

తిరుగుతుందని సుబేదారు అరిచాడు. గట్టిగా తిప్పుంటే తిరిగేదన్నాడు. తిరగదని సన్యాసాచారి అంతకన్నా గట్టిగా అరిచాడు. చొక్కా గుండీలు విప్పి, భుజం మీద తోలు మానిన మచ్చ చూపించి, తాను మోశాననీ, తిప్పి చూశాననీ, తిప్పితే దూలం జారి మిగతా ఆరుగురూ దానికింద పోయేవారనీ అరిచాడు. అలా ఇద్దరూ ఒకరి మీదికొకరు పోతూ, మనిషి మెడ తిరుగుతుందా తిరగదా అని వాకిట్లో పోట్లాడుకున్నారు. ఇరుగుపొరుగు గోడల మీంచి తొంగి చూశారు. సుబేదారు భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె భర్తని ఆపలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఆ భుజం మీది మచ్చనే చూస్తూ ఉండిపోయింది.

అరిచి అరిచి సుబేదారు గొంతు పోయింది. మంచం పట్టె మీద కూలబడ్డాడు. తరవాత ఎవరితోనో అన్నట్టు, "గవరయ్యది మా ఊరే" అన్నాడు. నీళ్ళ పైకి వచ్చిన ఆ ఒక్క చేతినే చూశాడు. మళ్ళీ అతని కనుబొమలు ముడిపడ్డాయి.

"నీళ్ళు తక్కువెట్టేవు," అన్నాడు. "తొడల్లోతైతే నాను ఆడ్ని నిలిపేసుందును. గుండెల్లోతు ఉండాల." ఇంక మాట లేకుండా లోపలికి పోయి తలుపు గడియ వేసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారిపొడుగునా సన్యాసాచారి బుసలు కొడుతూనే ఉన్నాడు. ఆ ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే తన నెలల పని దండగయ్యేది కాదు గదా అన్నాడు. నీళ్ళు గుండెల దాకా వస్తే ఆ నడుములూ, తొడలూ, మడతలూ, పాదాల వేళ్ళూ ఎవరికీ కనబడవు. అయినా మర్నాడు పోతకి ఇచ్చినప్పుడు ఏ బొమ్మకీ కాళ్ళు కొయ్యలేదు. పైభాగం వరకే పోస్తే ఇత్తడి కలిసొస్తుంది గదా అని సోమలింగాచారి గారు అడిగితే, కాళ్ళు లేనివాడు దూలం ఎలా మోస్తాడురా అని కసురుకున్నాడు. ఎనిమిది మందినీ పాదాలతో సహా పోయించాడు. తరవాత నీళ్ళ కోసం గుగ్గిలం కాచి, ఎర్రమట్టి రంగు కలిపి, తన చేత్తోనే పోశాడు. నీళ్ళు పాదాల మీంచి, మోకాళ్ళ మీంచి, తొడల మీంచి పైకి వస్తుంటే ఆయన దవడలు బిగుసుకున్నాయి. గుండెల దగ్గర ఆపాడు.

హాలు తెరిచిన రోజు సుబేదారు రాలేదు. పంతులుగారు ఉపన్యాసంలో సన్యాసాచారిని ఆకాశానికెత్తారు. సభ అయ్యాక పక్కకి పిలిచి, ఎంతో మర్యాదగా, నొప్పించకుండా, కాళ్ళు కూడా కనబడి ఉంటే ఇంకా శోభగా ఉండేదనీ, మొదటి బొమ్మలో ఆ చాచిన చెయ్యి పోవడం ఒక్కటే తనకి లోటనీ అన్నారు. ఆ మాటకి సన్యాసాచారికి ఏమాత్రం కోపం రాలేదు. అవునండి అన్నాడు. ఇంటికి వచ్చేలోపు మరిచిపోయాడు.

గురువుగారు అక్కడ ఆపారు. హైమవతి మొహంలో కోపం అలాగే ఉంది గాని, అది ఎవరి మీదో ఆమెకే తెలియనట్టుంది. ఆ తరవాత సుబేదారుకీ సన్యాసాచారికీ స్నేహం కుదిరిందా అని చివరికి అడిగింది.

లేదన్నారు గురువుగారు. సుబేదారు పేరెత్తితే సన్యాసాచారికి చివరిదాకా మండేదట. ఆ మనిషి ఒక్కసారి కూడా బాగుంది అనలేదట. కానీ ఆ తరవాత ఏ సిపాయి బొమ్మ చేసినా, పోతకి ఇచ్చే ముందు, బుట్టలో పెట్టుకుని కొత్తవలస బస్సెక్కేవాడట.

"చూపించడానికా?"

"తిట్టించుకోడానికమ్మా."

"మరి సుబేదారుగారు పోయాక?"

గురువుగారు చేతిలో ముల్లు కింద పెట్టారు.

"ఆయన పోయాక, సన్యాసాచారి సిపాయిల్ని చెయ్యలేదు."